లేత్ షెడ్డుకు ఆముదపు కూలెంట్: మొదటిసారి చేసుకునేవాళ్లకు

తుళ్లూరు లాంటి ఊళ్లో లేత్ షెడ్డుకి పని కొదవుండదు. ట్రాక్టరు పిన్నులు, రోటవేటర్ బుష్షులు, స్ప్రేయర్ షాఫ్టులు, బోరు మోటార్ల సామాన్లు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. 2025 మే 2న ఇక్కడ రాజధాని అమరావతి నిర్మాణ పనులు మళ్లీ మొదలయ్యాయి. కట్టడాలు లేచేచోట పైపులకి థ్రెడ్ తీయడం, ప్లేట్లకి బెజ్జాలు వేయడం తప్పని పనులు. ఇనుము కోసే ప్రతిచోటా టూల్ మొన మీద ఏదో ఒక ద్రవం పడాలి. చిన్న షెడ్లలో సాధారణంగా పడేది పెట్రోలియం నుంచి తీసిన కూలెంట్, అదీ లేకపోతే ట్రాక్టరు నుంచి దించిన పాత ఇంజన్ ఆయిల్. పని అయ్యాక దాన్ని పారబోసేది షెడ్డు వెనక నల్లరేగడిలోకే. వాన పడితే అది కాలవల దారి పడుతుంది. రాజధాని ప్రాంతం మధ్యగా సాగే కొండవీటి వాగు ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ ద్రవాన్ని మన ప్రాంతపు నూనెలతో షెడ్డులోనే చేసుకోవచ్చు. వాడి పారేసిన ప్లాస్టిక్‌కీ ఇందులో చోటుంది. అయితే ఆ చోటు నూనె కలిపే గిన్నెలో కాదు, ఆ నూనెను పట్టే డబ్బాలో, పోసే గొట్టంలో. ఎందుకో కింద చెబుతాను.

ముందు, ఈ ద్రవం పని ఏమిటి?

రెండు పనులు: వేడిని లాగేయడం, రాపిడి తగ్గించడం. 1907లో అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ లోహాల కోతపై తన సుదీర్ఘ పరిశోధన ప్రచురించాడు. కోసేచోట నీళ్లు ధారగా పోస్తే కోత వేగం 30 నుంచి 40 శాతం పెంచుకోవచ్చని అందులో చూపించాడు. వేడి లాగడంలో నీళ్లకి సాటి లేదు కానీ, నీళ్లు ఇనుముకి తుప్పు పట్టిస్తాయి, జారుడుతనం ఇవ్వవు. నూనె జారుడుతనం ఇస్తుంది, వేడిని అంతగా లాగలేదు. అందుకే లేత్ మీద వేగంగా తిరిగే జాబుకి నూనె కలిపిన నీళ్లు, ట్యాప్‌తో థ్రెడ్ తీసేటప్పుడు ఉత్త నూనె వాడతారు. మనమూ రెండు రకాలూ చేసుకుందాం.

మొక్కల నూనెలు ఈ పనికి కేవలం చవక ప్రత్యామ్నాయం కావు. వాటి అణువుల కొసలు లోహాన్ని పట్టుకుని పల్చటి పొరగా నిలబడతాయి. పెట్రోలియం నూనెకి ఆ గుణం తక్కువ. మన తెలుగు పరిశోధకులే దీన్ని లేత్ మీద కొలిచి చూపించారు. పి. వంశీకృష్ణ, ఆర్.ఆర్. శ్రీకాంత్, డి. నాగేశ్వరరావు 2010లో ప్రచురించిన పనిలో 1040 రకం ఉక్కును కోస్తూ, అతిసూక్ష్మమైన బోరిక్ యాసిడ్ పొడిని ఒకసారి ఎస్ఏఈ-40 నూనెలో, ఇంకోసారి కొబ్బరి నూనెలో కలిపి పోల్చారు. కొబ్బరి నూనెదే పైచేయి అయింది. 2016లో ఆర్. పద్మిని, వంశీకృష్ణ, జి. కృష్ణమోహనరావు అదే ఉక్కు మీద కొబ్బరి, నువ్వుల, కనోలా నూనెల్ని పరీక్షించారు. అక్కడా కొబ్బరే ముందు నిలిచింది. ఆ సూక్ష్మ పొడుల జోలికి మొదటిసారి చేసేవాళ్లు పోవద్దు. ముక్కుకి మాస్కు, సరైన తూకం, కలిపే యంత్రం లేకుండా అవి షెడ్డులోకి రాకూడదు.

ఏ నూనె?

కొబ్బరి నూనె సంగతి అటుంచితే, మన మైదానంలో సులువుగా దొరికేవి పత్తిగింజల నూనె, వేరుశనగ నూనె, ఆముదం. పత్తిగింజల నూనె పల్చన, కోతచోటికి త్వరగా చేరుతుంది. అయితే గాలి తగిలి నెలల తరబడి నిల్వ ఉంటే జిగురెక్కుతుంది, మిషను బెడ్డు మీద పసుపుపచ్చ పొర కడుతుంది. వేరుశనగ నూనె ఆ విషయంలో కాస్త మెరుగు. ఆముదం చాలా చిక్కన. 40 డిగ్రీల వేడి దగ్గర కూడా పత్తిగింజల నూనెకి సుమారు ఏడింతల చిక్కదనం ఉంటుంది. దానిలో 85 నుంచి 90 శాతం దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లం వల్ల లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. తొలి రోజుల విమానాల ఇంజన్లలో ఆముదం పోసేవాళ్లు. క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే.

కొనేటప్పుడు ఒక సంగతి చూడండి. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసిన వంటాముదంలో తేమ మిగిలి ఉంటుంది. మన పనికి గానుగలోనో మిల్లులోనో తీసిన ఆముదం కావాలి. తేమ ఉందో లేదో తెలుసుకోవాలంటే గరిటెడు నూనె చిన్న గిన్నెలో వేడి చేయండి. చిటపటలాడితే నీళ్లున్నట్టు.

బజ్జీల బండి దగ్గర మిగిలిన నూనె వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అందులో ఉప్పు, ఆమ్లం, మాడిన పిండి ఉంటాయి. ఉప్పు ఒక్కటి చాలు, తెల్లారేసరికి జాబు మీద ఎర్రమచ్చలు రావడానికి. పాత ఇంజన్ ఆయిల్ కలిపి పరిమాణం పెంచడం అంతకన్నా చెడ్డ పని. ఆముదం పెట్రోలియం నూనెతో సరిగా కలవదు. పైగా వాడేసిన ఇంజన్ ఆయిల్లో క్యాన్సర్ కారకాలుంటాయి. ఒకప్పుడు ఇంగ్లండులోని లాంకషైర్ నూలుమిల్లుల్లో కదుళ్లకి పోసే ఖనిజ నూనె బట్టలకి అంటి, చర్మానికి తగిలి వందలమంది కార్మికులు క్యాన్సర్ పాలయ్యారు. శుద్ధి చేయని, సరిగా చేయని ఖనిజ నూనెల్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది.

మొదటి రకం: నీళ్లు కలపని నూనె

ఇది ఎవరైనా చేయొచ్చు. శుభ్రమైన, పొడి సీసాలో 700 మి.లీ. పత్తిగింజల నూనె లేదా వేరుశనగ నూనె పోయండి. 300 మి.లీ. ఆముదం కలపండి. బాగా ఊపండి. ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున మడ్డి దిగితే పైనూనె గుడ్డలో వడకట్టుకోండి. అంతే.

డ్రిల్లింగుకి, హ్యాక్సా కోతకి ఇది చాలు. ట్యాప్‌తో, డైతో థ్రెడ్ తీయాలంటే ఆముదం పాలు సగానికి పెంచండి. బ్రష్షుతో ట్యాప్ పళ్లకి రాసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే తెగిన రజను చిన్న ముక్కలుగా రాలుతుంది. పోత ఇనుముకి నూనె అక్కర్లేదు. అందులోని గ్రాఫైటే ఆ పని చేస్తుంది, నూనె పోస్తే రజను బురదై కూర్చుంటుంది. ఇత్తడి, రాగి మీద వాడితే పని అవగానే తుడిచేయండి, లేదంటే పచ్చని మరకలు పడతాయి.

తుడిచిన గుడ్డల గురించి గట్టిగా చెప్పాలి. పత్తిగింజల నూనె పీల్చుకున్న కాటన్ వేస్టును ఉండచుట్టి మూలన పడేస్తే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూనె లోలోపల వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. పక్కన పత్తి మండెలో, ఎండు మిరప టిక్కీలో ఉన్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి గుడ్డలు అందులో వేయండి, లేదా ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి.

రెండో రకం: నీళ్లలో కలిసే కూలెంట్

నూనె నీళ్లలో కలవాలంటే మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి సబ్బు. ఆముదంలో నాలుగో వంతును సబ్బుగా మార్చి, మిగతా మూడు వంతుల్ని నూనెగానే ఉంచుతాం. ఆ సబ్బు నూనెను సన్నటి బొట్లుగా పట్టుకుని నీళ్లలో తేలేలా చేస్తుంది.

కావలసినవి: ఆముదం అర లీటరు (తూకానికి దాదాపు 480 గ్రాములు), కాస్టిక్ పొటాష్ పొరలు 25 గ్రాములు, ఆర్.ఓ. ప్లాంటు నీళ్లు 60 మి.లీ., స్టీలు గిన్నెలు రెండు, గ్రాముల్లో చూపే తూకం, చెక్క గరిట, కళ్లకి పక్కలు మూసుకునే అద్దాలు, రబ్బరు గ్లోవ్స్.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన రైతులు పొటాష్ అనగానే ఎరువుల కొట్లో దొరికే ఎర్రటి ఎం.ఓ.పి. బస్తా గుర్తు చేసుకుంటారు. అది ఇది కాదు. అది క్లోరైడు ఉప్పు. నూనెను సబ్బు చేయదు, ఇనుమును తినేస్తుంది. మనకి కావలసింది కెమికల్ షాపుల్లో అమ్మే పొటాషియం హైడ్రాక్సైడ్. కాస్టిక్ సోడా కూడా వద్దు. దానితో గట్టి సబ్బు వస్తుంది, చల్లబడితే ముద్ద కడుతుంది.

అద్దాలు, గ్లోవ్స్ వేసుకున్నాకే మొదలుపెట్టండి. 60 మి.లీ. చల్లటి నీళ్లు స్టీలు గిన్నెలో పోసి, పొరల్ని కొద్దికొద్దిగా ఆ నీళ్లలో వేస్తూ కలపండి. నీళ్లని పొరల మీద ఎప్పుడూ పోయకూడదు, ఒక్కసారిగా ఉడికి మొహం మీదికి చిందుతుంది. గిన్నె దానంతట అదే కాలేంత వేడెక్కుతుంది, కంగారు పడొద్దు. అల్యూమినియం గిన్నె వాడితే పొటాష్ దాన్ని తినేసి, మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. చర్మం మీద చుక్క పడితే జారుగా అనిపిస్తుంది. వెంటనే ధార కింద పదిహేను నిమిషాలు కడగండి. కంట్లో పడితే కడుగుతూనే ఆస్పత్రికి వెళ్లండి.

ఆముదం గిన్నెను వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి 60, 70 డిగ్రీల దాకా వేడెక్కించండి. పొయ్యి మీద నేరుగా పెట్టొద్దు. పొటాష్ నీళ్లని సన్నటి ధారగా ఆముదంలోకి వదులుతూ కలపండి. మొదట మబ్బుగా, పసుపుపచ్చగా, కాస్త ముద్దగా కనిపిస్తుంది. ముప్పావుగంట నుంచి గంట దాకా అదే వేడి మీద మధ్యమధ్య కలుపుతుంటే మబ్బు విడిపోయి తేనె రంగులో పారదర్శకమైన పాకంలా మారుతుంది. చూడవలసింది ఆ మార్పే. అయిందో లేదో తేల్చుకోవడానికి గాజు గ్లాసులో ఆర్.ఓ. నీళ్లు పోసి ఒక చుక్క వేసి తిప్పండి. నీళ్లంతా సమంగా తెల్లబడితే సిద్ధం. పైన నూనె కళ్లు తేలితే ఇంకాసేపు కాగాలి. ఆముదం మిగులు ఎక్కువ కాబట్టి పొటాష్ మొత్తం ఖర్చైపోతుంది, కాల్చే గుణం చివర్లో మిగలదు.

వాడేటప్పుడు ఒక పాలు ఈ పాకానికి పదిహేను పాళ్లు నీళ్లు. ముందు నీళ్లు, తర్వాత అందులోకి పాకం, ఆ వరస తిప్పొద్దు. పల్చటి మజ్జిగ రంగు వస్తుంది. డ్రిల్లింగుకి ఒకటికి పది, గ్రైండింగుకి ఒకటికి ముప్పై.

నీళ్ల విషయంలో రాజీ వద్దు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బాగా ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి పొక్కులుగా విరుగుతుంది, నూనె విడిపోతుంది. ఆర్.ఓ. నీళ్లో, మేడ మీద పట్టిన వాన నీళ్లో వాడండి. కూలెంట్ కుదరలేదని చెప్పే చాలామందికి అడ్డుపడేది బోరు నీళ్లే.

పరీక్ష

జాబు మీద వాడే ముందు తుప్పు పరీక్ష చేయండి. పెద్ద కంపెనీల ప్రయోగశాలల్లో చేసేదీ ఇదే పద్ధతి. గాజు సాసర్లో టిష్యూ కాగితం పరిచి, శుభ్రమైన పోత ఇనుప రజను చెంచాడు దాని మీద పోయండి. కలిపిన కూలెంట్ తడిసేంత పోసి, రెండు గంటలు మూత పెట్టి ఉంచండి. రజను దులిపి కాగితం కడిగి చూడండి. కాగితం మీద తుప్పు చుక్కలు లేకపోతే మంచిది. నాలుగైదు కనిపిస్తే ఒకటికి పది పాళ్లుగా చిక్కన చేసి మళ్లీ చూడండి. కాగితమంతా ఎర్రబడితే తప్పు నీళ్లదే.

పీహెచ్ కాగితంతో చూస్తే 9 నుంచి 10 మధ్య ఉండాలి. అల్యూమినియం జాబుకి ఈ క్షారం నల్ల మరకలు పెడుతుంది. దానికి మొదటి రకం నూనే వాడండి. మెగ్నీషియం మిశ్రమాల మీద నీళ్లు కలిసినదేదీ పోయొద్దు, దాని రజను నీళ్లతో కలిస్తే నిప్పంటుకోవచ్చు.

ఇందులో సూక్ష్మజీవులు పెరగకుండా మందులేమీ కలపలేదు. అందువల్ల వేసవిలో కలిపిన కూలెంట్ మూడు, నాలుగు రోజులకి పులిసిన వాసన వేస్తుంది. పాకం రూపంలో అయితే రెండు మూడు నెలలు ఆగుతుంది. కాబట్టి ఏ పూటకి కావలసింది ఆ పూటే కలుపుకోండి. ఫార్మలిన్ కలిపి నిల్వ పెంచే ఆలోచన చేయొద్దు, మీ ఊపిరితిత్తులకి అది పెట్రోలియం కూలెంట్ కన్నా చేటు. తుప్పు ఆపుతుందని కొందరు సోడియం నైట్రైటు సలహా ఇస్తారు. కూలెంట్లలో వాడే ఎమైన్ రసాయనాలతో అది కలిస్తే క్యాన్సర్ కారక నైట్రోసమైన్లు పుడతాయి.

ప్లాస్టిక్ ఎక్కడ?

సబ్బు కూలెంట్‌ని పంపుతో ధారగా కొడితే నురగ వస్తుంది. చుక్కలుగానో, సన్నటి ధారగానో వదిలితే రాదు, మిషను చుట్టూ మడుగు కట్టదు, నూనె వృథా కాదు. పెద్ద ఫ్యాక్టరీలు గంటకి పదుల మిల్లీలీటర్ల నూనెతోనే కోత సాగించే పద్ధతి దీన్నే ఇంకా సూక్ష్మంగా చేస్తుంది. ఇక్కడే మన చేల వృథా ప్లాస్టిక్ పనికొస్తుంది.

వంటనూనె వచ్చిన అయిదు లీటర్ల క్యాను తీసుకోండి. అడుగున త్రిభుజంలో 2 అంకె ఉంటే హెచ్‌డీపీఈ, సబ్బునీళ్లకి చెక్కుచెదరదు. మిరప చేలో తీసేసిన డ్రిప్ లైన్ల నుంచి సన్నటి మైక్రోట్యూబు, చిన్న ట్యాపు విప్పి కడగండి. క్యాను అడుగు పక్కన బెజ్జం వేసి ట్యాపు బిగించి, దానికి ట్యూబు తొడగండి. క్యానును మిషను కన్నా రెండడుగుల ఎత్తున స్టాండు మీద పెట్టండి. ట్యూబు కొస టూల్ మొనకి పైన ఉండేలా కమ్మీతో కట్టండి, తిరిగే చక్‌కి అందే దూరంలో ఉండకూడదు. ఉత్త నూనెకి నిమిషానికి ఇరవై చుక్కలు చాలు, నీళ్ల కూలెంట్‌కి సన్నటి ధార. కింద జారే ద్రవాన్ని పట్టడానికి ఇంకో క్యానును నిలువునా కోస్తే పళ్లెం అవుతుంది. అయితే వేడి రజను నేరుగా పడేచోట రేకు పళ్లెమే ఉండాలి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. మిరపకాయ ఆరబోసి చిరిగిన పట్టా ముక్క మిషను కింద పరిస్తే నేల మీద మరక ఉండదు.

పురుగుమందు డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా ఇందుకు వాడొద్దు. మందు ప్లాస్టిక్ గోడలోకి ఇంకి ఉంటుంది, అది మెల్లగా కూలెంట్లోకి, అక్కడి నుంచి మీ చేతుల్లోకి వస్తుంది.

ఇక ప్లాస్టిక్‌నే కరిగించి ద్రవంలో కలపడం. పాల ప్యాకెట్ల పాలిథిన్ 110 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఇంకా వేడి నూనెలో కరిగి చల్లబడితే పేస్టులా గడ్డకడుతుంది. స్పెయిన్‌లోని వెల్వా విశ్వవిద్యాలయం వాడేసిన పాలిథిన్‌ను గ్రీజుల్లో చిక్కదనానికి వాడటంపై పరిశోధన చేసింది. 2019లో అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల, నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయం వగైరా సంస్థల శాస్త్రవేత్తలు ప్లాటినం ఉత్ప్రేరకంతో, హైడ్రోజన్ ఒత్తిడిలో, 300 డిగ్రీల వేడి మీద పాలిథిన్‌ను మేలైన కందెన నూనెగా మార్చి చూపించారు. అదే ఏడు డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థలో రోజుకి ఒక టన్ను వృథా ప్లాస్టిక్‌ను డీజిల్‌గా మార్చే ప్లాంటు మొదలైంది. ఇవన్నీ నిజమైన దారులే. కానీ మూసిన పాత్రలు, వాయువుల శుద్ధి, ఉత్ప్రేరకాలు ఉన్నచోట జరగాల్సినవి. షెడ్డులో బాణలి పెట్టి చేస్తే, గుట్టలో ఒక్క పీవీసీ ముక్క కలిసినా హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి లేస్తుంది. అది లేత్ బెడ్డుకీ గొంతుకీ ఒకేసారి తగులుతుంది. అన్నీ జాగ్రత్తగా చేసినా, పాలిథిన్ కలిసిన పేస్టు రజనుతో పాటు మట్టిలోకి పోతే ఏళ్ల తరబడి అక్కడే ముక్కలుగా మిగిలిపోతుంది. మట్టికి మేలు చేద్దామని మొదలుపెట్టిన పనిలో దాన్ని కలపడం నాకు సమ్మతం కాదు.

వాడేశాక

మొక్కల నూనె కదా, చేలోకి వదిలేయొచ్చు అనుకోవద్దు. వాగులో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి, చేపలు చస్తాయి. పైగా కోతలో కలిసిన క్రోమియం, నికెల్ లాంటి లోహాలు అందులో ఉంటాయి. పాడైన కూలెంట్‌ని వెడల్పాటి రేకు పళ్లెంలో ఎండకి పెట్టి నీళ్లు ఆవిరి చేయండి, వాన తడపకుండా చూసుకోండి. గుంటూరు ఎండల్లో రెండు మూడు రోజుల్లో కొంచెం జిడ్డు మడ్డి మాత్రమే మిగులుతుంది. దాన్ని మూత డబ్బాలో పోగు చేయండి. వాడేసిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే దాన్ని ఇవ్వాలి. రజనును జల్లెడలో ఒక రాత్రి వడగట్టి, ఆరాక పాత ఇనుము కొనేవాళ్లకి ఇవ్వండి.

చేతి గ్లోవ్స్ పొటాష్ కలిపేటప్పుడు తప్పనిసరి. లేత్ తిరుగుతుండగా మాత్రం ఎన్నడూ వేసుకోవద్దు, చక్ గ్లోవ్‌ను లాగితే చెయ్యి కూడా వెంట పోతుంది. ముందు అర లీటరు ఆముదంతో ఒక్క మిషను మీదే చేసి చూడండి. తుప్పు పరీక్ష కాగితాన్ని తేదీ రాసి దాచుకోండి. పొటాష్ కొనడానికి వెళ్లిన రోజే కళ్లద్దాలు కూడా కొనుక్కురండి, అవి చేతికి రాకముందు పొటాష్ ప్యాకెట్ విప్పకండి.